చలి చేసిన గాయాన్ని ఆ రోజే రాయండి

రక్షణ మంత్రిత్వ శాఖ అధికారులకు, సైనిక వైద్య బోర్డుల్లో కూర్చునే వైద్యులకు, పింఛను మంజూరు చేసే కార్యాలయాల వారికి,

నమస్కారం.

మేము ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందిన మాజీ సైనికులం. పదాతి దళంలో పనిచేసినవాళ్లం, ఫిరంగి దళంలో పనిచేసినవాళ్లం, ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్లుగా ఉన్నవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మంచు పోస్టుల్లో చలిదెబ్బ తిని వచ్చిన జవాన్ల తరఫున ఇదివరకు అర్జీలు పెట్టాం. కొన్నింటికి పరిశీలనలో ఉందన్న జవాబు వచ్చింది, మిగతావాటికి అదీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాయవలసి వస్తోంది. మా సొంత అనుభవాలు ఇందులో రాయడం లేదు. మీ దగ్గరున్న కాగితాలకు, మీకు తెలిసిన వైద్యానికి సంబంధించిన సంగతులే రాస్తున్నాం.

మేం అడిగేది ఒక్కటే. తూటా తగిలితే తగిలిన రోజే రాస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఏ అవయవానికి, ఏ పరిస్థితిలో తగిలిందో అన్నీ నమోదవుతాయి. చలి చేసిన గాయాన్ని కూడా అలాగే, ఆ రోజే రాయండి. అలా రాయకపోవడం వల్ల పదిహేనేళ్ల తర్వాత ఒక మనిషి ఏమవుతున్నాడో కింద చెబుతున్నాం.

1. చలి శత్రువుతో సమానమని మన చరిత్రే చెబుతోంది.

చైనాతో యుద్ధంలో, 1962 అక్టోబరు 20న నామ్‌కా చూ వాగు ఒడ్డున మన 7వ బ్రిగేడ్ జవాన్లు నూలు యూనిఫాంలతో, కాన్వాస్ బూట్లతో, ఒక్కొక్కరి దగ్గర యాభై తూటాలతో నిలబడ్డారు. అదే ఏడాది నవంబరు 18న రెజాంగ్ లా దగ్గర 13 కుమావూఁ చార్లీ కంపెనీ పోరాడింది. అక్కడ చనిపోయిన వారి దేహాలు మూడు నెలల తర్వాత, ఫిబ్రవరిలో, చేతిలో ఆయుధాలతో గడ్డకట్టి దొరికాయి.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 20 మంది అమరులయ్యారు. వారిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఒకరు. మర్నాడు సైన్యం ఇచ్చిన ప్రకటనను మరొక్కసారి చదవమని కోరుతున్నాం. తీవ్రంగా గాయపడిన 17 మంది ఎత్తైన ప్రాంతంలో సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతకు గురై మరణించారని అందులో ఉంది. అది జూన్ నెల. మన ఊళ్లలో రోహిణి ఎండలు అప్పుడే తగ్గిన రోజులు.

సియాచిన్‌లో 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది. 2003 నవంబరు నుంచి అక్కడ కాల్పుల విరమణ ఉన్నా చావులు ఆగలేదు. 1984 నుంచి 2015 దాకా వాతావరణం, తదితర కారణాల వల్ల 869 మంది సైనికులు చనిపోయారని 2015లో ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ఆ తర్వాత రెండు నెలలకే, 2016 ఫిబ్రవరి 3న, సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి 19 మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పది మందిని కప్పేసింది. లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో బయటపడినా మన మధ్య నిలవలేదు. ఆ పది మందిలో మన కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నాడు.

చనిపోయినవాళ్లకు లెక్క ఉంది. వేళ్లు పోయినవాళ్లకు, వేళ్లు మిగిలినా స్పర్శ పోయినవాళ్లకు అలాంటి లెక్క మాకెక్కడా కనిపించలేదు.

2. గడ్డకట్టే గాయం, అంటే ఫ్రాస్ట్‌బైట్, ఎలా వస్తుందో ముందు చూడండి.

జవాను నిర్లక్ష్యం వల్ల వచ్చిందని కొన్ని కాగితాల్లో రాస్తున్నారు కాబట్టి ఇది వివరంగా చెప్పాలి.

మంచులో లోడు మోసుకుని నడిచేవాడికి మైనస్ 20లో కూడా చెమట పడుతుంది. ఆ చెమట మేజోడులో ఇంకుతుంది. ఆగిన పది నిమిషాల్లో అదే చల్లబడి పాదంలోని వేడిని లాగేస్తుంది. అందుకే ఎక్కడం మొదలుపెట్టే ముందే ఒక పొర విప్పి, ఆగగానే మళ్లీ వేసుకోవాలని నేర్పుతారు. అయితే పెట్రోలింగ్‌లో ఎప్పుడు ఆగాలో జవాను చేతిలో ఉండదు. పొడి మేజోళ్ల జత ఒకటి చొక్కా లోపల పొట్టకు ఆనించి ఉంచుకుంటే రెండో జత ఎప్పుడూ వెచ్చగా సిద్ధంగా ఉంటుంది. అందుకు కనీసం మూడు జతలు ఉండాలి.

తర్వాతిది బూటు. సైజు సరిపోక, లేదా పాత బూటు లోపలి పొర అణిగిపోయి చలి ఎక్కితే, జవాను రెండు మేజోళ్లు తొడిగి అందులోనే పాదం దూరుస్తాడు. బూటు బిగుస్తుంది, రక్తం వేళ్ల చివరిదాకా పోదు. వెచ్చదనం కోసం వేసుకున్న రెండో మేజోడే వేళ్లను చంపుతుంది. క్రాంపాన్, అంటే మంచు మీద జారకుండా బూటుకు కట్టే ఇనుప ముళ్ల చట్రం, పట్టీ బిగించి కట్టినా ఇదే జరుగుతుంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా మల్టీపర్పస్ బూట్లు అందలేదని, వాడిన బూట్లనే మళ్లీ బాగుచేసి ఇచ్చారని, మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం దాకా ఉందని అందులో ఉంది. అది పాత కాలపు సంగతని, లోటు భర్తీ చేశామని సైన్యం చెప్పింది. ఆ మాట మేం నమ్ముతున్నాం. అయితే ఆ పాత కాలంలో పైన ఉన్న జవాన్లే ఈరోజు మీ బోర్డుల ముందుకు వస్తున్నారు.

చేతుల సంగతి వేరు. మైనస్ 30లో ఒట్టి వేలు తుపాకీ లోహానికి తగిలి కొన్ని సెకన్లు ఉంటే చర్మం దానికే అతుక్కుంటుంది. ట్రిగ్గర్ గార్డులో మందపాటి గ్లౌజు పట్టదు, జామ్ అయిన గన్ను విప్పాలంటే గ్లౌజు తీయక తప్పదు. బయట రాత్రంతా ఉన్న జెర్రీకేన్‌లోని కిరసనాయిలు మైనస్ 30లోనూ ద్రవంగానే ఉంటుంది. అది గ్లౌజు మీద ఒలికితే నీళ్లు పడ్డట్టు కాదు, ఆ చలంతా ఒక్కసారిగా చర్మంలోకి దిగుతుంది. బుఖారీలో, అంటే గుడిసెను వెచ్చబరిచే పొయ్యిలో, కిరసనాయిలు పోసే పని మీద ఉన్న కుర్రాడికే వేళ్లు పోవడానికి కారణం ఇదే.

గాయం నెమ్మదిగా మోసం చేస్తుంది. మొదట మంట, పోటు, తర్వాత వేళ్లు కొంకర్లు పోతాయి, ఆ తర్వాత నొప్పి ఆగిపోతుంది. నొప్పి తగ్గిందని జవాను ఊపిరి పీల్చుకునే క్షణంలోనే వేలు గడ్డకట్టడం మొదలవుతుంది. తెల్లగా, మైనంలా, నొక్కితే చెక్కలా గట్టిగా ఉంటుంది. బడ్డీలు, అంటే జంటగా ఉండే జవాన్లు, ముఖాన్ని, వేళ్లను ఒకరివొకరు చూసుకోవాలన్న నియమం అందుకే పెట్టారు. తనది తనకు తెలియదు.

ఇక వైద్యం. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. బుఖారీకి ఆనించకూడదు, స్పర్శ లేని పాదం కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో, చర్మం మెత్తబడి ఎర్రగా మారేదాకా, సుమారు అరగంట ఉంచాలి. నీళ్లు చల్లారుతుంటే వేడినీళ్లు కలపాలి, పోసేటప్పుడు పాదం బయటికి తీయాలి. థర్మామీటరు లేకపోతే మోచేతితో చూడాలి. కరిగేటప్పుడు నొప్పి భరించలేనిదిగా ఉంటుంది, అందుకు ముందే మందు ఇవ్వాలి. ఒకసారి కరిగిన పాదం మళ్లీ గడ్డకడితే నష్టం ఎన్నో రెట్లు. కాబట్టి కిందికి నడిచి పోవలసిందే అయితే కరిగించకుండా అలాగే నడిపించడం మేలు. రక్తనాళాల్లో గడ్డలు కరిగించే మందు కరిగిన తొలి 24 గంటల్లో ఇస్తేనే పనికొస్తుంది. వాతావరణం బాగోక చీతా హెలికాప్టరు మూడు రోజులు రాకపోతే ఆ అవకాశం పోయినట్టే.

ఇందులో జవాను నిర్లక్ష్యం ఎక్కడుందో చూపించమని బోర్డు వైద్యులను వినయంగా అడుగుతున్నాం.

వేలు ఉంటుందా పోతుందా అన్నది తేలడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పోయిన వేలు అందరికీ కనిపిస్తుంది, వైకల్య శాతం వేస్తారు. నిలిచిన వేలి గతి ఎవరూ చూడరు. ఏళ్లు గడిచాక చిన్న కీళ్లు అరిగి వంకర పోతాయి, గోళ్లు వికృతంగా పెరుగుతాయి, కాస్త చలి తగిలినా వేళ్లు తెల్లబడతాయి.

3. గడ్డకట్టని చలి గాయం ఒకటుంది. మా బాధంతా ఎక్కువగా దీని గురించే.

దీనికి మైనస్ ఉష్ణోగ్రత అక్కర్లేదు. సున్నా నుంచి 15 డిగ్రీల చలిలో, తడిసిన బూట్లలో, గంటలూ రోజులూ కదలకుండా ఉంటే చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో వచ్చింది కాబట్టి ట్రెంచ్ ఫుట్ అన్నారు. 1914లో పలచని నూలు దుస్తులతో ఫ్రాన్స్‌లో దిగిన భారత సిపాయిలు దీన్ని ఎరుగుదురు. 1982లో ఫాక్‌ల్యాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు మళ్లీ వచ్చింది. మన దగ్గర మంచు కరిగే కాలంలో నాలాలు దాటేవాళ్లకు, మంచూ బురదా కలిసిన మోర్చాల్లో కాపలా ఉండేవాళ్లకు వస్తుంది.

లక్షణాలు గుర్తుపట్టడం కష్టం కాదు, పట్టించుకోవాలి అంతే. చలిలో ఉన్నంతసేపూ పాదం దూది మీద నడిచినట్టు ఉంటుంది. పోస్టులోకి వచ్చి వెచ్చబడ్డాక ఎర్రగా వాచి, మండుతుంది. దుప్పటి బరువు కూడా ఓర్చుకోలేరు. ఈ దశ రోజులు, వారాలు ఉంటుంది. తర్వాత వాపు తగ్గుతుంది, పాదం చూడటానికి మామూలుగా ఉంటుంది, ఎం.ఐ. రూమ్‌లో, అంటే యూనిట్ వైద్య గదిలో, ఫిట్ అని రాస్తారు. లోపల సన్నని నరాలు మాత్రం దెబ్బతిని ఉంటాయి.

ఫ్రాస్ట్‌బైట్‌కు చేసే వైద్యం దీనికి చేయకూడదు. వేడినీళ్లలో పెడితే ఇది ముదురుతుంది. ఒంటిని వెచ్చగా ఉంచి, పాదాన్ని ఎత్తులో పెట్టి, గాలికి మెల్లగా ఆరనివ్వాలి. రెండింటినీ ఒకే పేరుతో ‘చలిదెబ్బ’ అని రాస్తే వైద్యమూ తప్పుతుంది, రికార్డూ తప్పుతుంది.

మరో చిక్కుంది. బోర్డులో నరాల పరీక్ష, అంటే నెర్వ్ కండక్షన్, చేయించి మామూలుగా ఉందని, నొప్పి అబద్ధమని తేలుస్తున్నారు. ఆ పరీక్ష లావు నరాలనే కొలుస్తుంది. ఈ గాయంలో దెబ్బతినేవి వేడి, చలి, నొప్పి మోసే సన్నని నరాలు. వాటికి వేడి-చలి గుర్తించే పరీక్ష, అవసరమైతే చర్మం ముక్క తీసి చూసే పరీక్ష ఉన్నాయి. నెర్వ్ కండక్షన్ మామూలుగా ఉందన్న ఒక్క కారణంతో అర్జీ కొట్టేయడం వైద్యపరంగా చెల్లదు.

4. నీళ్లు, కిరసనాయిలు, పొగ.

18,000 అడుగుల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగం. ఊపిరితోనే ఒంట్లో నీరు ఆవిరవుతుంది. మనిషి రోజుకు నాలుగైదు లీటర్లు తాగాలి, ఉన్నదంతా మంచే. మైనస్ 20లో ఉన్న కిలో మంచును కరిగించి అక్కడి మరుగు స్థానానికి, అంటే 82 డిగ్రీల దగ్గరకు, తేవాలంటే సుమారు 720 కిలోజౌళ్లు కావాలి. ఐదు లీటర్లకు 3,600. కిరసనాయిలు లీటరుకు 35,000 కిలోజౌళ్ల వేడి ఇస్తుంది. కానీ ఆ గాలిలో స్టవ్ వేడిలో మూడో వంతు గిన్నెకు పట్టినా గొప్పే. కాబట్టి ఒక్క మనిషి తాగే నీళ్లకే రోజుకు 300 మిల్లీలీటర్ల కిరసనాయిలు కావాలి, పది మంది పోస్టుకు మూడు లీటర్లు. వంట, బుఖారీ దీనికి అదనం. మంచు తుఫానులో సరఫరా నాలుగు రోజులు ఆగితే మొదట తగ్గేది నీళ్లే. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, చిక్కబడ్డ రక్తం వేళ్ల చివరికి పోదు. చాలాకాలం ఎత్తులో ఉన్నవారిలో రక్తనాళాల్లో గడ్డలు, పక్షవాతం ఎక్కువని మన సైనిక వైద్యుల అధ్యయనాలే చెప్పాయి.

ఆ కిరసనాయిలు కాలేది మూసిన ఫైబర్ గుడిసెలో. పొద్దున్నే కఫం నల్లగా పడుతుంది. మంచు పడి పొగ గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. తలనొప్పి వస్తే ఎత్తు వల్ల అనుకుంటారు. ఒకే బంకర్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి వచ్చి, బయటికి రాగానే తగ్గితే అది పొగ వల్ల వచ్చిన తలనొప్పి. ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల పరీక్షలో తేడా వస్తే బోర్డు అడిగే మొదటి ప్రశ్న సిగరెట్ అలవాటు గురించి. బుఖారీ గురించి కూడా అడగండి.

5. హేపో, అంటే ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం.

దీని గురించి ప్రపంచానికి చాలా నేర్పింది మన జవాన్ల శరీరాలే. 1962 యుద్ధం తర్వాత హిమాలయాలకు హడావిడిగా ఎక్కించిన 1,925 మంది భారత సైనికులను పరిశీలించిన అధ్యయనం 1969లో వెలువడింది. అలవాటు పడే షెడ్యూలు ఈరోజు పక్కాగా ఉంది. 9,000 నుంచి 12,000 అడుగుల దగ్గర ఆరు రోజులు, 15,000 దాకా నాలుగు, ఆపైన మరో నాలుగు. ప్రాణాలు కాపాడుతున్నది ఆ పద్నాలుగు రోజులే. అత్యవసర మోహరింపుల్లో వాటికే కోత పడుతుంది. కోత పడితే ఆ సంగతీ రికార్డులో ఉండాలి, ఎందుకంటే జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా అని తర్వాత వచ్చే ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది.

6. కాగితం ఎక్కడ ఆగిపోతోంది?

పోస్టు మీద ఉండేది ఒక నర్సింగ్ అసిస్టెంట్, లేదా బ్యాటిల్‌ఫీల్డ్ నర్సింగ్ నేర్చుకున్న జవాను. పాదం వాచిందని అతనికి చెబితే మందిస్తాడు, మేజోళ్లు మార్చమంటాడు. రిజిస్టరు ఉంటే ఒక వాక్యం. కిందికి దిగడానికి వాతావరణం లేదు. మూడు నెలల టర్ము అయ్యాక దిగేసరికి వాపు పోయింది. గాయం రిపోర్టు, అంటే ఐ.ఎ.ఎఫ్.వై-2006, నింపడానికి చూపించే గాయం లేదు. యూనిట్ పీస్ స్టేషన్‌కు, అంటే సరిహద్దుకు దూరంగా ఉండే కంటోన్మెంటుకు, మారుతుంది, పోస్టు రిజిస్టరు మరో యూనిట్ చేతికి పోతుంది.

జవాను కూడా చెప్పడు. లో మెడికల్ కేటగిరీ, అంటే పూర్తి ఆరోగ్యంగా లేడన్న ముద్ర, పడితే ప్రమోషన్ కేడరుకు, కోర్సులకు అడ్డు వస్తుందని భయం. ఇది అతని తప్పని అనకండి. చెప్పినవాడికి నష్టం, చెప్పనివాడికి లాభం అయ్యేలా వ్యవస్థ ఉంటే మనుషులు చెప్పరు.

పదిహేడేళ్లకు రిటైరవుతాడు. రిటైరయ్యేటప్పటి వైద్య బోర్డు ఫారం, ఎ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్-16, నింపేటప్పుడు పాత గాయాలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. కాగితం లేదు. సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగింది కాదు అని రెండు గళ్లలో రాసేస్తారు. లేదా వైకల్యం 15 నుంచి 19 శాతం అంటారు. ఆ ఒక్క శాతం ఏం చేస్తుందో లెక్క చూడండి. 20 వస్తే రౌండింగ్‌లో 50 అవుతుంది. చివరి బేసిక్ 40,000 ఉన్నవాడికి వంద శాతానికి 30 శాతం లెక్కన, 50 శాతానికి నెలకు 6,000, దాని మీద డి.ఆర్., అంటే కరువు భృతి. 19 వస్తే సున్నా. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చిన జవానుకు అదే యుద్ధ గాయంగా ఒప్పుకుంటే 12,000.

సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఈ విషయం స్పష్టం చేసింది. చేరేటప్పుడు ఏ జబ్బూ రాయకపోతే ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, కాదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిదే. సరిహద్దు మీద, నియంత్రణ రేఖ మీద విధుల్లో ఉండగా వాతావరణం వల్ల కలిగే అస్వస్థతను యుద్ధ క్షతిగా పరిగణించాలని సైన్యం 2003 నాటి ఉత్తర్వులోనే ఉంది. అయినా 2013 జనవరిలో నియంత్రణ రేఖ దగ్గర గస్తీలో, తీవ్రమైన చలిలో గుండె ఆగి చనిపోయిన ఒక నాయక్ భార్య సుప్రీంకోర్టు దాకా రావలసి వచ్చింది. మొదట యుద్ధ క్షతి అని రాసి, తర్వాత దాన్ని మార్చారు. 2024 డిసెంబరులో కోర్టు ప్రభుత్వ అప్పీలు కొట్టేసి, ఆమెకు 50,000 రూపాయలు ఖర్చుల కింద చెల్లించమంది. ఆ పదకొండేళ్లు ఆమెకు తిరిగి ఎవరివ్వగలరు?

7. ఊళ్లో ఏమవుతోంది?

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటికొక సైనికుడు. మంచు చూడని పల్లెల్లో పుట్టి, మంచులో ఉద్యోగం చేసి, మళ్లీ వరి మడిలోకి వస్తాడు. పుష్య మాసం తెల్లవారుజామున చన్నీళ్ల మడిలో నాటు వేయడానికి దిగితే అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. పది నిమిషాలు నిలబడలేడు. ఇంట్లోవాళ్లకు అర్థం కాదు, మన ఊళ్లో చలేమిటంటారు. సెక్యూరిటీ గార్డుగా చేరితే రాత్రి షిఫ్టు, చల్లటి ఎ.సి. హాలు. అక్కడా నిలవలేడు.

ఆసుపత్రికి వెళితే మంటలు, తిమ్మిర్లు విని డాక్టరు ముందు షుగర్ పరీక్ష రాస్తారు. నలభై దాటిన వాడికి షుగర్ కాస్త ఎక్కువే ఉంటుంది. దాంతో పాదాల నొప్పంతా షుగర్ ఖాతాలోకి పోతుంది. మంచు పోస్టులో పనిచేశారా అని అడిగేవాళ్లు లేరు. ఆ కాగితమే తిరిగి బోర్డుకు వెళ్లి, జబ్బు సర్వీసు తర్వాత వచ్చిందనడానికి సాక్ష్యమవుతుంది. అప్పీలుకు శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో సాయుధ దళాల ట్రైబ్యునల్ చెన్నై బెంచికి కేసు పంపాలి. వకీలు ఫీజు, రైలు ఛార్జీలు, కూలి పోయిన రోజులు కలిపితే చాలామంది మొదటి వాయిదాకే ఆగిపోతున్నారు.

అగ్నివీరుల సంగతి ఇంకా కష్టం. నాలుగేళ్లకు తిరిగి వచ్చేవాడికి పింఛనూ లేదు, మాజీ సైనికుల వైద్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. కార్డూ లేదు. వైకల్యానికి 100, 75, 50 శాతాలకు 44, 25, 15 లక్షలు ఒకేసారి ఇస్తారు. కానీ చలి గాయం తన పూర్తి రూపం చూపేది చాలాసార్లు నాలుగేళ్ల తర్వాతే. 2023 అక్టోబరులో సియాచిన్‌లో ఒక అగ్నివీరుడు విధి నిర్వహణలో ప్రాణం ఇచ్చాడు. వాళ్లూ మనలాగే అదే మంచులో నిలబడుతున్నారు.

మేం కోరుతున్నవి ఇవి:

ఒకటి. 9,000 అడుగుల పైన ప్రతి పోస్టులో చలి గాయాల కార్డు పెట్టండి. తేదీ, గంట, ఎత్తు, ఉష్ణోగ్రత, ఎంతసేపు చలిలో ఉన్నాడు, తడా పొడా, ఏ వేళ్లు, ఏ రంగు, స్పర్శ ఉందా, ఏ వైద్యం చేశారు అన్న గళ్లు చాలు. పోస్టు కమాండరు, నర్సింగ్ అసిస్టెంట్ ఇద్దరూ 24 గంటల్లో సంతకం చేయాలి. ఒక కాపీ జవానుకు, ఒకటి యూనిట్‌కు, ఒకటి రికార్డ్ ఆఫీసుకు.

రెండు. ఫ్రాస్ట్‌బైట్, గడ్డకట్టని చలి గాయం రెండింటికీ వేర్వేరు పేర్లతో, వేర్వేరు గళ్లతో నమోదు చేయండి.

మూడు. రోజూ పాదాల తనిఖీని కమాండరు బాధ్యతగా రిజిస్టరులో పెట్టండి. 1915లోనే బ్రిటిష్ సైన్యం ట్రెంచ్ ఫుట్ నివారణను కమాండర్ల బాధ్యత చేసింది. బూటు సైజు మార్చమని జవాను అడిగిన తేదీ, మార్చిన తేదీ కూడా అందులో ఉండాలి.

నాలుగు. 15,000 అడుగుల పైన పనిచేసిన ప్రతి జవానుకూ రిలీజ్ మెడికల్ బోర్డులో పాదాల, చేతుల ఎక్స్-రే, సన్నని నరాల పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష తప్పనిసరి చేయండి. మంచులో పనిచేసిన రికార్డు ఉండి, కార్డు లేకపోతే సందేహ లాభం జవానుకే ఇవ్వండి. కార్డు రాయించే బాధ్యత అతనిది కాదు.

ఐదు. 2003 ఉత్తర్వును మొదటి కాగితం దగ్గరే అమలు చేయండి. యుద్ధ క్షతి అని ఒకసారి రాసినదాన్ని, కుటుంబానికి కారణం చెప్పి వివరణ తీసుకోకుండా, తగ్గించి రాయకండి. కింది కోర్టుల్లో జవాను గెలిచిన చలి గాయాల కేసుల్లో దాఖలు చేసిన అప్పీళ్లను ఉపసంహరించుకోండి.

ఆరు. రిటైరయ్యాక బయటపడిన చలి గాయాలకు గడువు లేకుండా మళ్లీ బోర్డు జరపండి. ఇది అగ్నివీరులకూ వర్తించాలి, వాళ్లకు ఈ ఒక్క జబ్బుకైనా జీవితాంతం సైనిక ఆసుపత్రిలో వైద్యం ఇవ్వాలి.

ఏడు. పింఛను లేని వారి సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత నాశనం చేసే నియమం నుంచి వైద్య పత్రాలను మినహాయించండి. నాశనం చేసే ముందు వాటి కాపీ ఆ మనిషికి చేరాలి.

ఎనిమిది. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు, ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లకు ఒక చిన్న సూచన పంపండి: మాజీ సైనికుడు పాదాల మంటతో వస్తే, షుగర్ పరీక్షతో పాటు ‘మంచులో ఎక్కడ, ఎంతకాలం పనిచేశారు’ అని అడిగి జవాబును చీటీ మీద రాయాలి.

ఈ ఎనిమిదింటిలో మొదటి మూడింటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. కాగితం, పెన్ను, ఒక ఆదేశం చాలు. వచ్చే చలికాలం మోహరింపుకు ముందే ఆ ఆదేశం జారీ చేయమని అడుగుతున్నాం.

ఇప్పుడు పైన ఉన్న తమ్ముళ్లకు కూడా ఒక మాట. పాదం మొద్దుబారితే ఆ రోజే నర్సింగ్ అసిస్టెంట్‌కు చెప్పి రిజిస్టరులో రాయించండి. తేదీ, పోస్టు, పక్కనున్న బడ్డీ పేరు మీ డైరీలో రాసుకోండి. కేటగిరీ భయంతో దాచకండి. కిందికి దిగాక ఎం.ఐ. రూమ్‌లో రాయించిన చీటీ నకలు ఇంటికి పంపి, మీ అమ్మనో భార్యనో జాగ్రత్త చేయమనండి.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాజీ సైనికులు